రెండంగుళాల ఎత్తు

అల్ నహ్దాల బేస్‌మెంట్ రెండు, పిల్లర్ నలభై ఒకటి.
తెల్లారగట్ల మూడున్నరకు
నా బకెట్టు మొదలు ఆగేది దీని కాడనే.

చిన్న బండే.
దీని అక్క, అదే మొఖం, అదే ఇంజను,
నాలుగు బండ్లవతల నిలవడుతది.
దీన్ని మాత్రం రెండంగుళాలు లేపి
చక్రాల చుట్టూ నల్ల ప్లాస్టిక్ కాటుక దిద్ది
బంపర్ కింద వెండిరంగు పూసి
జీపు లెక్క అమ్మిండ్రు.
నెత్తిమీద రెండు పట్టాలు.
ఏడాదిన్నరల ఒక్క తాడు కట్టంగ చూడలే.

నవ్వుకునేటోణ్ణి.
నవ్వి, ఇంటికి ఫోన్ చేసి
సూపర్వైజర్‌నైన అని చెప్పేటోణ్ణి.

మొన్న ఐతారం గుర్తుపట్టలే.
అద్దాల దాక బదాయర్ ఎర్ర ఇసుక,
నల్ల ప్లాస్టిక్ మీద మూరెడు గీత,
ఎనక సీట్ల పిల్లల చెప్పు ఒక్కటి, ఖర్జూరం గింజలు.
ఇంజను ఇంకా వేడి.

ఫణిభూషణ్ సారు లిఫ్టు కాడ ఆగి
తప్పు చేసిన పిలగాని లెక్క చెప్పిండు:
"కూరుకుపోయింది రాజలింగం.
ఒంటెలవాళ్ళు వచ్చి నెట్టారు.
కానీ అంతకుముందు, ఒక దిబ్బ...
చిన్నదేలే. ఎక్కింది."

ఒక్క బండికి ఒక్క బకెట్టు, కంపెనీ లెక్క.
ఆ పొద్దు మూడు పోసిన.
నీళ్లు ఎర్రగ పారినయి జాలీ దిక్కు.
గీత మీద పాలిష్ రుద్దుమన్నడు.
రుద్దలే.
తలుపు మడతల చిటికెడు ఇసుక
చూసి కూడ ఇడిసిపెట్టిన.

ఇంటికి ఫోన్ చేసే రోజది.
ఏం చెప్పాల్నో తోచక
బట్ట పిండుకుంట
నలభై రెండు కాడికి పోయిన.