కంత

కార్తీకం రెండో వారం. నైట్ డ్యూటీ దిగి
సబ్‌స్టేషన్ గేటు దగ్గరే ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి
బీల వైపు నడిచాను.
వెనక సోంపేట దీపాలు మంచులో నానుతున్నాయి.
అవి వెలగడానికి రాత్రంతా మేలుకున్నవాణ్ణి,
ఇప్పుడారిపోయినా నాకు పట్టదు.

గున్నయ్య అప్పటికే వచ్చున్నాడు.
తాటిదోనెలో తలొక కొసన, కాళ్ళొక కొసన,
మధ్యలో ఆరిపోయిన చుట్ట.
"ఆలీసమైపోనాది బావూ, నీకన్నా ముందు సలొచ్చీసింది."

కొంత దూరమే నీళ్ళు.
ఆ తర్వాతంతా గుర్రపుడెక్క,
దాని మీద మంచు,
మంచు మీద బరువే లేనట్టు ఒక కొంగ.
దాన్ని చూస్తే నాకూ దిగి నడవాలనిపించింది.

గున్నయ్య గెడతో పొడిచి చూశాడు.
గెడతోపాటు చెయ్యి కూడా మోచేతిదాకా దిగింది.
"పుష్యంలోనైతే మనిషిని మోస్తాది.
వేళ్ళూ వేళ్ళూ పెనేసుకుని గట్టిపడతాది.
ఇప్పుడిది నేల కాదు, నేలలాగుంటాది. అంతే."
పోయినేడు ఇదే నెలలో తోడల్లుడు జగ్గు
తొందరపడి దిగాడట. నడుందాకా పోయాడట.
ఒక చెప్పు ఇంకా కిందే ఉందట.
నవ్వాడు గాని
గెడని మాత్రం వదల్లేదు.

కొడవలితో కోశాడు, గుండ్రంగా, జల్లెడంత.
దుబ్బుల్ని పక్కకి లాగితే
నల్లటి నీళ్ళు,
అన్నం కుండ మూత తీసినట్టు కాస్త ఆవిరి.

కప్పపిల్లని గుచ్చి కంతలోకి దించాం.
దారం నా చూపుడువేలికి ఒక చుట్టు.
ఇక మాటల్లేవు.

పదిహేనేళ్ళుగా తీగలు పట్టుకున్న చేతులివి.
తీగలో ప్రాణముందో లేదో
ముట్టుకోకముందే తెలుసుకోవడం నా పని.
ఒక్కసారి తప్పు తెలిసినందుకు
ఎడమచేతికి చిటికెనవేలు లేదు.
దారం అలా కాదు. ముట్టుకునే కూర్చోవాలి.
ఏమీ లేదు, ఏమీ లేదు, ఏమీ లేదు
అంటూనే ఉంటుంది.
నమ్మకూడదు.

వీపుకి చలి. ముక్కు కొసన నీటిబొట్టు.
ఎక్కడో హౌరా బండి కూత.
దాలమ్మ కట్టిన చోడి రొట్టె సగం విరిచి నాకిచ్చాడు.
నమలడం కూడా మెల్లగానే.

"కొర్రమేనుకి నీళ్ళొక్కటే సాలవు బావూ,"
అన్నాడు గొంతులోనే.
"ఉండుండి పైకొచ్చి గాలి మింగాల.
డెక్కంతా మూసీసినాక అదెక్కడికెల్తాది?
మనం కోసిన కాడికే."

అప్పటిదాకా దాన్ని కంతనే అనుకున్నాను.
ఊపిరాడని ఇంటికి కిటికీ తెరిచామన్నమాట.
తెరిచి, అందులో కొక్కెం వేలాడదీశామన్నమాట.

ఆ మాట పూర్తిగా లోపలికి దిగనేలేదు,
వేలు బిగిసింది.
"ఒగ్గు! ఇంకా ఒగ్గు! మింగనీ!"
ఒగ్గాను. దారం డెక్క కిందకి జరజరా పోయింది.
"ఇప్పుడు లాగు."

దోనె ఒరిగింది. కొంగ లేచింది.
మోచెయ్యంత చేప, పాము తల, బురద మచ్చలు.
గాలికొచ్చింది, గాలానికి చిక్కింది.
దోనె అడుగున తోకతో కొడుతూ
నోరు తెరిచింది, మూసింది, తెరిచింది.
"తొందరగా సావదిది," అన్నాడు గున్నయ్య, గర్వంగా.
"సంతలో బతికున్నదానికే రేటు."
తడి గోనె కప్పాడు.
గోనె పైకి లేస్తోంది, కిందకి దిగుతోంది.
అటు చూడకుండా ఉండటానికి
నేను దారం చిక్కులు తీస్తూ కూర్చున్నాను.
చిక్కులేం లేవు.

పొద్దెక్కాక గాలం చుట్టేసి
"కంత మూసేద్దామా?" అన్నాను.
వింతగా చూశాడు.
"దేనికి? రేపటికల్లా అదే మూసుకుంటాది.
మనం లేనప్పుడు రెండు గుటకలు మింగనీ, పాపం."
అని, గోనె మీద ఇంకాసిని నీళ్ళు చల్లాడు.

ఇంటికొచ్చి పడుకున్నాను.
నిద్రలో చూపుడువేలు రెండుసార్లు అదిరిందని
మధ్యాహ్నం మా ఆవిడ చెప్పింది.
లేని చిటికెనవేలు సంగతి
ఆమెకెలా తెలుస్తుంది.