ఓర బెజ్జం

ఐబార్‌లో నేల ఎక్కడా సమంగా ఉండదు.
మా వర్క్‌షాపు మూడో అంతస్తు కిటికీ తీస్తే
ఎదురుగా వీధి, పాలవ్యాను చక్రాలు.
కింద, పునాదుల అడుగున, కనబడని ఏరు.
మూడు రోజులుగా సిరిమిరి,
తుంపరకి మేం పెట్టుకున్న పేరు అది:
గొడుగు తెరిస్తే సిగ్గు, తెరవకపోతే జలుబు.

తెర మీద ఉక్కు దిమ్మె.
ఒండారోవా రేవులో ఓ పడవకి
వల లాగే యంత్రంలో గుండెకాయ.
ఈ గదిలోంచి ఆ గదిలోకి నూనె నడవాలి,
ఆరు మిల్లీమీటర్ల దారి,
ముప్పైరెండు డిగ్రీల వాలు.

సాఫ్ట్‌వేర్‌కి తెలిసిన బెజ్జం ఒక్కటే, ముక్కుసూటిది.
ఏ ముఖం మీద వేలు పెడితే ఆ ముఖంలోకి
నిట్టనిలువుగా దిగిపోతుంది,
అప్పులాడి ప్రశ్నలా.
ఓరగా పోవాలంటే ముందు
లేని నేల ఒకటి పరవాలి.
అంచు పట్టుకుని, బందు మీద తలుపు తిప్పినట్టు
ఒక తలాన్ని తిప్పాను. ముప్పైరెండు.
దాని మీద చుక్క. చుక్క చుట్టూ సున్నా. దించాను.

దిగింది. కానీ మూతి దగ్గర
గోరంత లోహం తెగకుండా మిగిలింది,
విదియనాటి చంద్రుడు.
చెరిపాను. మళ్ళీ వేశాను. మళ్ళీ చంద్రుడే.
మధ్యాహ్నానికి గానీ బుర్ర వెలగలేదు:
ఉక్కు తగిలిన చోట మొదలుపెట్టడమే నా తప్పు.
తలాన్ని వెనక్కి జరిపాను, దిమ్మె బయటికి,
పది మిల్లీమీటర్ల వట్టి గాలిలోకి.
ముందు గాలిని తొలిచి, ఆ ఊపుతో ఉక్కులోకి.
చంద్రుడు పోయాడు.
మూతి మాత్రం కోడిగుడ్డులా ఉంది.
గుండ్రమే అది. పక్కనుంచి వచ్చింది కనక అలా కనబడుతోంది.

ఎవారిస్తో నా వెనకే ఉన్నాడు, ఎంతసేపటినుంచో.
ఎడమ చూపుడువేలికి చివరి కణుపు లేని మనిషి.
"మద్దాలెన్, నా బిట్టు కాలు ఎక్కడ మోపాలి?
వాలు మీద జారుతుంది, నాచు తొక్కినట్టు.
ముందు చిన్న అరుగు చెక్కిపెట్టు."
చెక్కాను.
"ఆ గోడ నా చక్కుకి తగులుతుంది."
గోడని మూడు మిల్లీమీటర్లు కోశాను.
"ఇంకోటి..." అని ఆగి
కింది సొరుగు లాగి
నూనెకి నల్లబడ్డ చెక్క ముక్క తీశాడు,
ఒక కొస మందం, ఒక కొస పల్చన.
"నాన్నది. దిమ్మె కింద పెట్టేవాడు.
బిట్టుకి ఓర అంటే ఏంటో తెలీదు. అది నిటారుగానే దిగేది."

కోణమాపకం పెట్టి చూశాను.
ముప్పై డిగ్రీల నలభై నిమిషాలు.
డ్రాయింగులో ముప్పైరెండు,
కింద ఊదారంగు ముద్ర, 1961, తీర్చి పెట్టిన సంతకం.
పడవనుంచి విప్పి తెచ్చిన పాత దిమ్మె బల్ల మీదే ఉంది,
ఎన్నిసార్లు కడిగినా నెత్తళ్ళ వాసన.
దాని బెజ్జంలో సన్నకడ్డీ దూర్చి కొలిచాను.
చెక్క మాటే దాని మాట.

అంటే ఇన్నేళ్ళూ ఉప్పుగాలిలో
వలలు లాగిన దిమ్మెలన్నీ
కాగితం మాట వినలేదు.
"ఇది గీసిందెవరు?"
"ఇంజనీరు. మంచివాడే.
కిందికి దిగేవాడు కాదు."

నేను రెండేళ్ళుగా మూడో అంతస్తులో ఉంటున్నాను.
ఏమీ అనలేదు.

అంకె మార్చాను.
పక్కన వరసంతా ఎర్రబారింది,
అరుగు, గోడ, గదులు, ఒక్కోటే అలిగినట్టు.
ఒక్కోదాన్నీ పిలిచి కూర్చోబెట్టేసరికి చీకటి పడింది.
అంచున చిన్న అక్షరాలతో రాశాను:
కోణం, చెక్కని బట్టి.

శుక్రవారం మొదటి దిమ్మె దిగింది.
ఎవారిస్తో కోడిగుడ్డు మూతికి పెదవులు ఆనించి ఊదాడు.
అవతలి గది దగ్గర పట్టుకున్న
నా అరచేతికి వెచ్చగా గాలి.
తల ఎత్తితే అతనికి నూనె మీసం.
బాగుంది అనలేదు.
చెక్కని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టాడు.
సొరుగు సగంలో పట్టేసింది,
మోకాలితో ఒకటి ఇచ్చాడు.