మూడు గీతల మచ్చ

బొగ్గు కొత్తగూడెం దిక్కు నుంచి వచ్చింది,
కర్రపెట్టెలో, గుడ్డసంచుల్లో, లోతు రాసిన చీటీలతో.
నల్లగొండలో మాకు బొగ్గు లేదు.
గుట్టలున్నాయి. కాగి కాగి గట్టిపడ్డ గుట్టలు,
వాటికేమీ గుర్తుండదంటారు జాంగీర్ సార్.

నా పని గిన్నెలు కడగడం,
స్లైడ్ల మీద నంబర్లు వేయడం,
పొద్దున్నే ఎసరు పెట్టినట్టు ఆసిడ్ పెట్టడం.
ప్లాస్టిక్ గిన్నెలోనే పెట్టాలి,
గాజును తింటుంది అది.
చేతి మీద పడితే ముందు ఏమీ అనిపించదట,
మెల్లగా ఎముక దాకా పోయి సున్నం తాగుతుందట.
మొదటిరోజే ఒక మందు ట్యూబు నా జేబులో వేశారు.

దీని పేరేంది సార్ అంటే
హైడ్రోఫ్లోరిక్ అన్నారు.
మర్రిగూడ మండలంలో పుట్టినదాన్ని.
ఆ పేరులో సగం నాకు
అక్షరాలు రాకముందే తెలుసు.

రాయి పోతుంది. ఇసుక పోతుంది.
అడుగున మిగిలేది వేలికి అంటితే కాటుకంత.
అందులో ఉంటాయి, దేనికీ కరగనివి,
ఇరవై ఏడు కోట్ల ఏండ్ల కింద
ఏ మొక్కో గాలికి వదిలిన పొడి.

మొక్క దొరకలేదు. ఆకు కూడా.
ఏ తల్లి రాల్చిందో చెప్పేవాళ్ళు లేరు
కాబట్టి ఒంటితీరును బట్టే పేరు.
సార్ మైక్రోస్కోప్ మీంచి కన్నెత్తకుండా చెప్తారు,
నేను రాస్తాను.

ముందు మచ్చ చూడు,
మూడు గీతలా, ఒక్కటా, అసలు లేదా.
తర్వాత ఒళ్ళు.
నున్నగా ఉందా, సజ్జరొట్టె మీద నువ్వుల్లా తేలిందా,
పల్లేరుకాయ ముళ్ళా, సీతాఫలం గళ్ళా.
నడుముకు దట్టీలా మందపు పట్టీ ఉంటే వేరే వరుస.
రెండు పక్కలా గాలితిత్తులుంటే
అది పుప్పొడి, దాని పెట్టె వేరు.
ఫారంలో కులం కాలమ్ లేదు.
ఊరి పేరుకు బదులు లోతు, మీటర్లలో.

మూడు గీతలెందుకు సార్?

నాలుగు కలిసి పుడతాయమ్మా, ఒకదాన్నొకటి ఆనుకుని.
విడిపోయాక
మిగతా మూడూ ఒత్తిన గుర్తు అది.
మొలకొస్తే ఆడనే పగులుతది.

మేమూ నలుగురం.
ఒక్క బోరు నీళ్ళు తాగినం.
నా పండ్ల మీద గోధుమరంగు చారలే.
బిచ్చాలన్న పెద్దోడు, అందరికంటే ఎక్కువ ఏండ్లు తాగిండు,
కాళ్ళు విల్లులైనయి.

సోమవారం సెలవు పెట్టి
సదరం క్యాంపుకు తోలుకొని పోయిన.
వంగు. లేవు. మెడ తిప్పు.
తిరగదు సార్.
డాక్టరు తలెత్తకుండా ఒక అంకె వేసిండు.
బయటికొచ్చినంక అన్న అడిగిండు,
ఎంతొచ్చింది చెల్లె, పాసైననా?
అరవై రెండే అన్నా.
అబ్బో, బడిల ఎన్నడన్న గన్ని వచ్చినయా నాకు!
నవ్వితే దగ్గొచ్చింది,
బెంచీ పట్టుకొని నిలబడ్డడు.

మంగళవారం, నలభై ఒకటో స్లైడు.
మూలన ఒకటి, మడతపడి, పక్కకు వంగి.
నలిగింది, లెక్కకు రాదు, వదిలెయ్ అన్నారు సార్.
మచ్చ కనబడుతోంది సార్, అన్నాను.
ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని
చాలాసేపు చూశారు.
రాయి, అన్నారు.

లోతు, నూట పన్నెండు మీటర్లు.
గీతలు, మూడు.
ముళ్ళు, పొట్టివి, అక్కడక్కడ అరిగినవి.
వంపుకు మా దగ్గర కాలమ్ లేదు.