ఏం పెడదాం

గురువారం రాత్రి. ముహర్రఖ్ల మూడో అంతస్తు,
అయిదు మంచాల రూము.
రిమోటుకు ఎనక మూత లేదు, రబ్బరు బ్యాండు ఉన్నది.
ఈ వారం వంతు లింబాద్రిది.

వంతు అంటే ఒట్టి మాటే.
నొక్కేది ఒక్కడు,
వద్దనేది నలుగురు.

మొదటి బొమ్మల హీరో చేతుల కత్తి, ఎనక మంట.
"పొద్దంత గ్రైండరు కాడ నిప్పురవ్వలే చూస్తి,
రాత్రి సుత కాలవెట్టుకునుడేనా"
అన్నడు దేవిదాసు, లుంగీ సర్దుకుంట.
రెండోదాంట్ల ఒకడు దుబాయి నుంచి దిగుతడు:
నల్లద్దాలు, మెడల గొలుసు, సూటుకేసు మోసెటందుకు వేరే మనిషి.
మేం పడి పడి నవ్వినం.
ముప్పై కిలోలు దాటిందంటే
కౌంటరు ముందటనే పెట్టె ఇప్పి
టాంగ్ డబ్బాలు చంకల పెట్టుకున్నోళ్లం.

"కథలొద్దు, అసలుది పెట్టు" అంటడు ఖాజా.
అసలుది అంటే మా రూముల డాక్యుమెంటరీ.
మొన్న ఏసీ ఖరాబైనప్పుడు
మంచుల తిరిగే ఎలుగుబంటిని రెండుసార్లు చూసినం.
అంతకు ముందు గడియారాలు చేసే ముసలాయన.
ఆయన నాకు శాన నచ్చిండు.
ఒక్క పండ్ల చక్రానికి మూడు రోజులు పడ్తది,
అయినా ఎనక నిలబడి ఒర్రేటోడు లేడు.

అబ్బులుకు మాత్రం నీళ్లుండాలె.
"ఏరైనా పర్లేదండీ, కాలవైనా పర్లేదు,
తడి కనపడాలి, అంతే."

లింబాద్రి వేలు కిందికి దిగుతనే ఉన్నది.
పదకొండున్నర. గిన్నెల అంచుకు పప్పు ఎండిపాయె.
అప్పుడొచ్చింది నలుపు తెలుపు బొమ్మ.
ముక్కుకు చిమటా పెట్టుకున్న బక్కపల్చని మనిషి,
చుట్టూ సముద్రం.
"ఇదండీ!" అన్నడు అబ్బులు.

ముత్యాల కోసం మునిగెటోళ్లది.
ఈ ఊరోళ్లదే.
మా కింద కరక్ చాయి అమ్మే గల్లీల నుంచే
నడిచి పడవలెక్కేటోళ్లట, ఎండకాలమంత.
కాలికి రాయి, మెడల బుట్ట,
పైన తాడు పట్టుకొని ఇంకొకడు.
సినిమా ఇంగ్లీషుల చెప్తే ఖాజా ఉర్దూల చెప్పిండు,
దేవిదాసు తెలుగుల తప్పులు చెప్పిండు.

తర్వాత ఒక లెక్కల బుక్కు చూపిచ్చిండ్రు.
పడవాయన ముందుగాల పైసలిస్తడు.
మునిగెటోడు మునిగి మునిగి కడ్తడు.
సీజను ఒడుస్తది, బాకీ ఒడువది.
వచ్చే యేడు మళ్ల అదే పడవ.

లింబాద్రి నొక్కిండు. బొమ్మ ఆగింది.
"మిత్తి ఎంతనట?"
ఖాజా ఎనకకు తిప్పి విన్నడు, మళ్ల తిప్పి విన్నడు.
మిత్తి ముచ్చట అండ్ల లేదు.
"గదే చెప్పకపోతే ఇగ ఏం తీసినట్టు"
అన్నడు లింబాద్రి, కోపంగ గాదు,
ధర చీటి లేని అంగిని మళ్ల కొక్కేనికి తగిలిచ్చినట్టు.

ఆఖర్ల పేర్లు పైకి పోతున్నయి.
కెమెరాలోళ్లు, డ్రైవర్లు, అన్నం తెచ్చినోళ్లు సుత.
అబ్బులు తెర దగ్గరికి జరిగి చదువుతుండు.
"తాడు పట్టుకున్నాయన పేరు వేశారేమోనని..."

ఎవలకూ నిద్ర రాలే.
దేవిదాసు ఫోన్ల స్టాప్‌వాచ్ పెట్టిండు.
అందరం ముక్కులు పట్టుకున్నం.
ఖాజా పది కాడ్నే ఫక్కున నవ్వి ఓడిండు.
నాది ముప్పై ఒకటి.
లింబాద్రి అరవై దాటిండు, డెబ్బై దాటిండు,
కండ్లు మూసుకునే ఉన్నడు.
ఎనభై కాడ అబ్బులు లేచి
ఆయన చెయ్యి పట్టి గుంజిండు.

వచ్చే వారం వంతు నాది.
గడియారాల ముసలాయన్ను మళ్ల పెడ్తనన్న.
నలుగురూ వద్దన్నరు.