రంపం కూలి

వాల్దీవియాలో వాన వదలని ఆదివారం.
సంతలో బేరమాడి తెచ్చిన కరెంటు రంపం,
పిడికి టేపు చుట్టిన పాతది.
చేపల రేవులో పారేసిన పెట్టెల చెక్కలు;
మేకులు పీకడానికే మూడు సాయంత్రాలు.

మనవరాలి ఈత కళ్లద్దాలు పెట్టుకుని
ఎర్మెలిందా మీట నొక్కింది.
చేతుల్లో కందిరీగల తుట్టె.

నాలుగు అరలు, సరిగ్గా గీత మీదే కోత.
అయినా ప్రతిదీ ఒక నూలు పొట్టి.
మళ్లీ కొలిచింది. టేపును తిట్టింది.

పడవల వడ్రంగి ఒస్వాల్దో
గడప దాటకుండానే అన్నాడు:
"పళ్ల మందం లెక్కేశావా?
అదీ తింటుంది కదా."

చెప్పుల మీది పొట్టు వైపు చూసింది.
పేసో పేసో లెక్కగట్టిన మనిషి
దాని కూలి మరిచిపోయింది.

ఐదో చెక్కకు
గీతను బతకనిచ్చింది.