చెట్ల లెక్క

మా ఊరి శివార్ల ఈదులు నూటా పద్దెనిమిది.
నేనే లెక్కవెట్టిన, సద్దిగిన్నె చంకల వెట్టుకొని
కాల్వ గట్టు నుంచి ఉషన్న చెల్క దాక.
అండ్ల నలభై ఎండిపోయినయ్.
గీసెటోళ్ళు పుణెకు మట్టిపనికి వోయిండ్రు.

దినాం నేను కడిగే సీసాలు పదిహేను వందలు.
అన్నీ నిండుతయ్.
బోరు నీళ్ళు, సక్రీను,
రాత్రిపూట సంచిల దిగే తెల్లపొడి.
కుర్మయ్య గౌడు మోకు మీద పాణం వెట్టి దించిన లొట్టి
వాసనకు పోస్తరు అండ్ల,
పెండ్లి పప్పుచారుల ఇంగువోలె.

పొద్దుగూకంగనే వస్తరు,
పత్తి ఏరి చీరుకపోయిన వేళ్ళతోని.
ఒక్క సీసా తాగితె
నడుము నొప్పి పోతది, మిత్తి యాది పోతది,
మొగని మొకం గూడ జర మంచిగ కొడ్తది.
నిద్ర వొస్తది.
నిద్రను ఎవరు వద్దంటరు?

కురుమూర్తి జాతర అయిన వారానికి
ఆబ్కారోళ్ళ జీపు వచ్చింది.
సంచి దొర్కింది. దుకాణానికి తాళం వడ్డది.
పీడ వోయిందనుకున్న.
పైకి అనలె, నా కూలి గూడ వోయింది గద.

మొదటి రాత్రి ఏం కాలె.
రెండో రాత్రి ఊరంత కండ్లు తెర్సుకొని ఉన్నది.
మణెమ్మ గోడ మీది చీమలు ఏరుతున్నది.
గోడ మీద చీమలు లేవు.
బుడ్డన్న తాత నడిబజార్ల నిలవడి
పదేండ్ల కింద అమ్మిన ఎడ్లను
"హెయ్, దా, దా" అని తోలుతుండు.
హమాలి సాయిలు నాలుక కొరుక్కున్నడు.

మూడో దినం ఆటోలే ఆటోలు.
పాలమూరు పెద్దదవాఖాన్ల మంచాలు సాలక
కింద పండవెట్టిండ్రు,
చేతులను తువ్వాళ్ళతోని కిటికి ఊచలకు కట్టి.

డాక్టరమ్మ అడిగింది,
"ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నారు?"
మా దిక్కు తాగుతున్నరు అనరమ్మా,
కల్లుకు వోయిండ్రు అంటరు,
నీళ్ళకు వోయినట్టే.

రాసుకుంట రాసుకుంట ఆమె
నా చంకల పిల్లను చూసింది.
నవితకు మూడేండ్లు నిండలె.
జరం లేదు, చేతులు మాత్రం వణుకుతున్నయ్.
"పాపకు ఏమైంది?"

నేను చెప్పలె.
కడిగే తొట్టి పక్కన గోనెసంచి మీద పండవెడ్తె
ఏడ్వకుండ ఉండాలెనని
సీసాల అడుగున మిగిలిన గుటకలు
చెంచెడు పోసిన.
ఒక్క చెంచెడు. కొన్నిసార్లు రెండు.
మా అమ్మ నాకు పోసింది,
నేను బతికిన గద, అనుకున్న.

పదహారో రోజు తాళం తీసిండ్రు.
తలుపు కాడ జనం, రేషను కోసం నిలవడ్డట్టు.
కుర్మయ్య గౌడు మోకు భుజాన ఏసుకొని
దూరంగ కూసున్నడు,
"నా చెట్టు ఎవరినీ గిట్ల ఆడియ్యలె బిడ్డా" అన్నడు,
నాతోని కాదు, నేలతోని.

తొట్టిల చేతులు వెట్టిన.
నాలుగో సీసల అడుగున
ఇంకా గుటకెడు ఉన్నది.
పిల్ల ఏడుస్తున్నది.
సేటు లోపలి నుంచి అరిసిండు,
"పండవెట్టరాదె దాన్ని, దినాం పండవెట్టినట్టు!"

సీసను మట్టిల వొంపిన.
మట్టి గుంజుకున్నది, మనిషి లెక్కనే.

ఏడ్వనీ, అన్న.
ఇయ్యాల్టికి.
రేపటి మాట నేను చెప్పలేను,
ఇంక పద్నాలుగు వందల తొంభై ఆరు ఉన్నయ్.