ఒక ఇంచు

విజిల్ నోట్లోనే ఉంది.
ఊదలేదు.
ప్రమాణం చేసి చెప్పగలిగింది అదొక్కటే.

కాల్బయోగ్ రేవు వెనక సిమెంటు కోర్టు,
రేకుల మీద వాన,
ఊరి పండుగ పోటీల ఆఖరి రాత్రి.
గెలిచిన జట్టుకి ఒక పంది, రెండు బస్తాల బియ్యం.
పగలు పడవ టిక్కెట్లు చింపే నాకు
నూట యాభై పెసోలు, ఒక ప్లేటు నూడుల్స్.
ఓడినవాళ్ల తిట్లు ఉచితం.

ఇరవై రెండేళ్లుగా
రిఫరీ పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకి మొదట ఇదే చెబుతాను:
ఒళ్లు తగలని ఆట కావాలంటే చదరంగం ఆడించుకో.
ఇంత జాగాలో పదిమంది ఒక్క బంతి కోసం తిరుగుతుంటే
భుజాలు ఒరుసుకుంటాయి,
మోచేతులు పలకరించుకుంటాయి,
ఒకడి చెమట ఇంకొకడి బనీనుకి అంటుతుంది.
ప్రతిదానికీ ఊదితే
ఆట ఉండదు, ఊదుడే మిగులుతుంది.
చూడాల్సింది తగిలిందా అని కాదు,
తగిలాక ఏం పోయింది అని.
అడుగు తప్పిందా? బంతి జారిందా?
వెళ్లగలిగినవాడు వెళ్లలేకపోయాడా?
తగలడానికీ తగిలించడానికీ మధ్య
ఉన్నది ఒక ఇంచు.
అది కొలిచినందుకే నా నూట యాభై.

మూడు సెకన్లు. ఒక్క పాయింటు.
చేపల మార్కెట్ జట్టు కుర్రాడు దెల్ఫిన్
కుడి పక్క నుంచి దూసుకొచ్చాడు.
ఐసు ఫ్యాక్టరీ జట్టు ప్లాసిడో అడ్డంగా నిలబడ్డాడు,
చేతులు పైకెత్తి, దొంగ దొరికినట్టు.
నడుముకి నడుము రాసుకుంది. చూశాను.
దెల్ఫిన్ పడ్డాడు. అదీ చూశాను.
ఆ రెండింటి నడుమ ఏం జరిగిందో
అది మాత్రం...

ఊరు ఊరంతా నా బుగ్గల వైపు చూసింది.
బుగ్గలు ఉబ్బలేదు.
బంతి ఎవరికీ చిక్కకుండా దొర్లుతుండగానే
బల్ల దగ్గర రోసెందా గంట కొట్టేసింది.

పంది అరుచుకుంటూ వెళ్లిపోయింది, ఐసు ఫ్యాక్టరీ వైపు.
కుర్చీలు మడిచారు.
లైట్లు ఆర్పబోతూ
వాడు పడ్డచోట ఒకసారి నిలబడ్డాను.
నా బట్టతల మీద టప్పున ఒక బొట్టు.
పైన రేకుకి మేకంత చిల్లు,
కింద అరచేయంత తడి.
ఆ తడి అప్పుడూ ఉందా?
బొట్టుకి జారితే నేను న్యాయమే చేశాను.
నడుముకి పడితే
రెండు బస్తాల బియ్యం నేనే దొంగిలించాను.
సగం బొట్టు, సగం నడుము అయితే
ఆ లెక్క ఎవరు కడతారు?
జేబురుమాలుతో తడి తుడిచేశాను.
ఎందుకు తుడిచానో ఇప్పటికీ తెలియదు.

ఆఖరి జీప్నీలో ఖాళీ ఒక్కటే మిగిలింది,
దెల్ఫిన్ పక్కన.
పద్దెనిమిది మంది బండిలో ఇరవై ఆరుగురం.
వాడి మోకాలు నా మోకాలికి,
దాని మీద గుడ్డకట్టు, మందు వాసన.
ప్రతి మలుపులో వాడు నా మీద వాలాడు,
మరుసటి మలుపులో నేను వాడి మీద.
క్షమించమని అతనూ అనలేదు, నేనూ అనలేదు.
చార్జీకి నాలుగు బిళ్లలు పిడికిట్లో పట్టుకుని కూర్చున్నా.

మార్కెట్ మూల దగ్గర డ్రైవరు బ్రేకు తొక్కాడు.
వాడి భుజం నా భుజానికి గట్టిగా తగిలింది.
బిళ్లలు చెల్లాచెదురయ్యాయి.

కట్టు కట్టిన కాలు పక్కకి చాపి, వంగి,
చీకట్లో తడిమి
మూడు ఏరి నా చేతిలో పెట్టాడు దెల్ఫిన్.
"మరి ఇది, మనోయ్ సెవెరో?" అన్నాడు.

"డ్రైవర్ది" అన్నాను.

నవ్వాడో లేదో కనబడలేదు.
నాలుగో బిళ్ల దొరకలేదు.